దక్షిణ ఇటలీ తీరం: అమ్మానాన్నలతో, కారు లేకుండా. అమాల్ఫీనా, పూల్యానా?

కాకినాడ_కాజా:
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. జూన్ ఆఖర్లో అమ్మానాన్న కాకినాడ నుంచి వస్తున్నారు. రోమ్, వెనిస్ పోయినసారే చూసేశారు. ఈసారి క్యూలూ మ్యూజియాలూ వద్దు, సముద్రం పక్కన ఓ వారం ఊరికే కూర్చుందాం అంటున్నారు నాన్న. ఆయనకి మోకాళ్ల నొప్పులు. అమ్మ పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కారు తీసుకునే ఆలోచన లేదు. ఆ కొండ రోడ్ల వీడియోలు చూస్తేనే మా ఆయనకి టెన్షన్. చాలామంది అమాల్ఫీ (నేపుల్స్ కింద, పడమటి తీరం) అంటున్నారు, కొందరు పూల్యా (ఇటలీ బూటు మడమ దగ్గర, తూర్పు తీరం) అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లూ అక్కడే ఉంటున్నవాళ్లూ కాస్త చెప్పండి.

మెట్లదారి:
అమాల్ఫీకే వెళ్లండి. బొమెరానో నుంచి నొచెల్లె దాకా "సెంతియెరో దెల్యీ దేయి" (దేవతల దారి) అని ఒక నడకదారి ఉంది, ఆరేడు కిలోమీటర్లు. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క ఎక్కడో కింద నీలంగా సముద్రం, దూరంగా కాప్రీ దీవి. పొద్దున్నే బయల్దేరితే ఎండ తగలదు. నొచెల్లె నుంచి పొసిటానోకి 1500కు పైగా మెట్లు దిగాలి. కింద బీచ్‌లో కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే అలుపంతా పోతుంది. రవెల్లో అనే ఊరి తోటల్లోంచి కనిపించే దృశ్యం చూశాక ఇంకే తీరమూ కంటికి ఆనదు.

ఫిషానో_విద్యార్థిని:
మెట్లదారి అన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకి 1500 మెట్లు చెప్తున్నారా!

కాజా అక్కా, నేను సలెర్నో పక్కన ఫిషానోలో చదువుతున్నా. అమాల్ఫీ అందం గురించి వాదన లేదు. కానీ అక్కడ ఊళ్లన్నీ నిలువుగా ఉంటాయి. కొండని చెక్కి మెట్లు మెట్లుగా కట్టిన ఊళ్లవి. హోటల్ "బీచ్‌కి 300 మీటర్లు" అని రాసుకుంటే, అందులో ఎన్ని మెట్లున్నాయో అడక్కుండా బుక్ చేయకండి. అమాల్ఫీ పెద్ద చర్చి ముందే 62 మెట్లు.

ఇక రోడ్డు. ఆ తీరం పొడవునా ఉన్నది ఎస్ఎస్ 163 ఒక్కటే, సుమారు 50 కిలోమీటర్లు. రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన మలుపులున్నాయి. వేసవిలో రద్దీ రోజుల్లో టూరిస్టు కార్లకి సరి, బేసి నంబర్ల పద్ధతి పెడుతున్నారు. బస్సులు ఉన్నాయి గానీ జూన్, జులైల్లో మధ్య స్టాపుల్లో ఎక్కాలంటే, నిండిపోయిన బస్సు ఆపకుండా వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడాలి.

నా సలహా: అమాల్ఫీ చూడండి, కానీ అక్కడ ఉండొద్దు. సలెర్నోలో ఉండండి. చదునైన ఊరు, సముద్రం వెంబడి చెట్ల నీడలో పొడుగాటి నడకదారి, సాయంత్రం ఊరంతా అక్కడే తిరుగుతుంటుంది. నేపుల్స్ నుంచి వేగంగా వెళ్లే రైలైతే ముప్పావుగంట లోపే. సలెర్నో రేవు నుంచి పడవెక్కితే అరగంట దాటి కాసేపట్లో అమాల్ఫీ, గంట దాటాక పొసిటానో. అసలు ఆ తీరాన్ని చూడాల్సింది నీళ్ల మీంచే. పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తిరుగుతాయి, సముద్రం పోటెత్తిన రోజు ఆపేస్తారు. కాబట్టి వెళ్లే రోజుని చివరికి పెట్టుకోవద్దు.

జూన్ 27న ఊళ్లో ఉంటే మాత్రం అమాల్ఫీలో సెయింట్ ఆండ్రూ పండగ వదలకండి. 1544లో ఒట్టొమన్ నౌకాధిపతి బార్బరోసా నౌకలు ఊరి మీదికి వస్తే, తుఫాను లేచి వాటిని చెదరగొట్టిందనీ అది ఆ సాధువు మహిమేననీ వీళ్ల నమ్మకం. ఊరేగింపు అయ్యాక అంత బరువైన విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ ఆ 62 మెట్లనీ పరుగున ఎక్కుతారు. చుట్టూ జనం అరుపులు, చప్పట్లు. నాన్నగారు కింద చౌకులో కుర్చీలో కూర్చునే చూడొచ్చు, కాకపోతే ముందే వెళ్లి చోటు పట్టుకోవాలి.

కాకినాడ_కాజా:
ఇది ఎవరూ చెప్పలేదమ్మా, థాంక్స్. సలెర్నోలోనే ఉంటే మిగతా రోజులు ఏం చేయాలి?

ఫిషానో_విద్యార్థిని:
పక్కనే వియెత్రి, రంగురంగుల పింగాణీ పలకల ఊరు. ఊళ్లో గోడలు, బల్లలు, దుకాణాల బోర్డులు అన్నీ అవే. తర్వాత చెతారా, ఇంకా జాలర్ల ఊరిలాగే ఉంది. అక్కడ ఆంచొవీ చేపల్ని ఉప్పుతో వరసలు వరసలుగా చెస్ట్‌నట్ పీపాల్లో పేర్చి, పైన రాళ్ల బరువు పెట్టి, నెలల తరబడి ఊరబెట్టి, కారిన రసాన్ని సీసాల్లో పోస్తారు. దాని పేరు కొలతూరా. స్పఘెట్టిలో నాలుగు చుక్కలు వేస్తే చాలు. ఆంటీ గారు మాత్రం ఆ వీధిలో ముక్కు మూసుకోవాలి.

దక్షిణంగా రైలెక్కితే అరగంటలో పేస్తుమ్. గ్రీకులు క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో కట్టుకున్న ఊరు. మూడు పెద్ద గుడులు, స్తంభాలతో సహా ఇంకా నిలబడే ఉన్నాయి. ఏథెన్స్‌లో కూడా ఇంత నింపాదిగా చూడలేం. స్టేషన్ నుంచి చదునైన దారి. మ్యూజియం వద్దన్నారు గానీ, అక్కడ "దూకేవాడి సమాధి" అని 1968లో దొరికిన రాతిపలక ఒకటుంది. నీళ్లలోకి దూకుతున్న కుర్రాడి బొమ్మ, సుమారు 2500 ఏళ్ల నాటిది. దానికోసం పది నిమిషాలు లోపలికి వెళ్లండి.

చుట్టుపక్కలంతా గేదెల ఫారాలు, మోజరెల్లా అక్కడిదే. ఆ ఫారాల్లో పాలు పితికేవాళ్లలో పంజాబీలు ఉన్నారు. పాల దుకాణం ముందు హిందీలో పలకరింపు వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

బారీ_బాబాయ్:
అమ్మాయి చెప్పింది బావుంది. అయినా నా ఓటు పూల్యాకే. బారీలో చాన్నాళ్లుగా ఉంటున్నాను కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, అభ్యంతరం లేదు.

కారణం ఒక్కటే, నేల చదును, రైలు ఉంది. మ్యూనిక్ నుంచి బారీకి నేరుగా విమానాలున్నాయి. ఎయిర్‌పోర్ట్ నుంచే ఊళ్లోకి రైలు. బారీ నుంచి అడ్రియాటిక్ తీరం వెంబడి పొలిన్యానో, మొనోపొలి, ఓస్తూని, బ్రిండిసి, లెచ్చె వరుసగా వస్తాయి. మొనోపొలిలో పాత ఊళ్లో ఇల్లు తీసుకోండి, కింది అంతస్తు అని పట్టుబట్టండి. రేవులో నీలం రంగు చెక్కపడవలు, గోడ పక్కనే చిన్న బీచ్, చర్చి ముందు బల్లల మీద ముసలాళ్ల పేకాట. పొలిన్యానో రైల్లో పక్క స్టేషనే. కొండ గుహల మీద కట్టిన ఊరు, అందంగానే ఉంటుంది, పదింటికల్లా జనంతో నిండిపోతుంది. ఓస్తూని తెల్ల ఊరు ఫొటోల్లో బావుంటుంది గానీ స్టేషన్ కింద, ఊరు కొండ మీద. బస్సు పట్టుకోవాలి, పైన మళ్లీ ఎక్కుడు.

బారీ పాతబస్తీలో సెయింట్ నికొలస్ బసిలికా ఉంది. 1087లో బారీ నావికులు ఆయన అస్థికల్ని ఇప్పటి తుర్కియేలోని మైరా నుంచి తెచ్చేశారు. ఎత్తుకొచ్చారు అనే మాటకి మావాళ్లు ఒప్పుకోరు. కింది మందిరంలో క్యాథలిక్కులతో పాటు ఆర్థొడాక్స్ క్రైస్తవులూ మొక్కుకుంటారు. మే 8న విగ్రహాన్ని పడవెక్కించి రోజంతా సముద్రంలో ఉంచుతారు.

ఒక్కటి మాత్రం మొదటే మనసులో పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి ఐదింటి దాకా ఇక్కడ ఊరు పడుకుంటుంది. దుకాణాలు మూత, వీధులు ఖాళీ, కిటికీ తలుపులు దించేస్తారు. ఆ టైమ్‌లో సూట్‌కేసు చక్రాలు రాళ్ల వీధిలో గడగడలాడించుకుంటూ వెళ్లేది టూరిస్టులే. మీరూ తిని పడుకోండి. హోటళ్లలో రాత్రి వంట ఏడున్నర ఎనిమిదికి గానీ మొదలవదు. నాన్నగారికి ఏడింటికే భోజనం అలవాటైతే ఇంట్లో ఏదైనా ఉంచుకోండి.

కాకినాడ_కాజా:
బాబాయ్ గారూ, అమ్మ తిండి సంగతి చెప్పండి. పోయినసారి రోమ్‌లో మార్గరీటా పిజ్జా తినీ తినీ విసిగిపోయింది.

బారీ_బాబాయ్:
పూల్యా పేదల వంట అంతా కూరగాయలు, పప్పుధాన్యాలే. ఫావె ఎ చికోరియా అని అడగండి. ఎండు బఠాణీ జాతి గింజల్ని మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన ఆలివ్ నూనె పోసి ఇస్తారు. మన ముద్దపప్పులో తాలింపు లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అమ్మగారు ఆవకాయ సీసా తెస్తే పండగే. ఫొకాచ్చా రొట్టె అయితే టొమాటో, ఆలివ్‌లతో పొద్దున్నే బేకరీల్లో వేడివేడిగా దొరుకుతుంది. పాంజెరొత్తి అంటే టొమాటో, మోజరెల్లా నింపి వేయించినవి. బారీ పాతబస్తీలో సాయంత్రం పూట ఇంటి ముందు మూకుడు పెట్టుకుని మొక్కజొన్న పిండి ముక్కలు వేయించి అమ్ముతారు, స్గల్యొత్సె. ఉప్పు చల్లి కాగితంలో ఇస్తారు.

జాగ్రత్త పడాల్సింది ఆకుకూరతో చేసే ఒరెక్కియెత్తె పాస్తా దగ్గర. పైకి పూర్తి శాకాహారంలా కనిపిస్తుంది, నూనెలో ఆంచొవీ కరిగించి ఉంటారు. "సెన్జా అచ్చూగె" (ఆంచొవీ లేకుండా) అని చెప్పాలి. ఫొకాచ్చా, పాంజెరొత్తి పిండిలో పంది కొవ్వు వేస్తారా అని కూడా ఒకసారి అడగడం మంచిది.

ఒరెక్కియెత్తె అంటే గుర్తొచ్చింది. ఆర్కో బాస్సో వీధిలో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలేసుకుని, కత్తి మొనతో పిండిముక్కని లాగి, బొటనవేలితో తిరగేసి చకచకా చేసేస్తుంటారు. చూడ్డానికి ముచ్చటే. అయితే అమ్మేవన్నీ చేత్తో చేసినవి కావని ఆ మధ్య గొడవ నడిచింది, తనిఖీలు కూడా జరిగాయి. మీ ఎదురుగా చేసినవి కొనండి.

పప్పుచారు_ప్రవాసి:
అక్కా, ఇంకో మాట. వీళ్ల చీజ్‌లలో చాలావాటికి పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. బఫెలో మోజరెల్లా, పార్మిజాన్ రెండింటికీ అంతే. మా అత్తగారికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఇటలీ అంటే బ్రెడ్డూ పళ్లే. మీ అమ్మగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

కాకినాడ_కాజా:
చెప్పను. చెప్పానంటే వారమంతా రైస్ కుక్కర్‌తో తిరగాలి.

విశాఖ_అల:
బీచ్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. మన ఆర్కే బీచ్‌లా వెళ్లి ఇసుకలో కూలబడిపోవచ్చా? పెద్దావిడ చీరలో ఉంటే ఇబ్బందిగా చూస్తారా?

ఫిషానో_విద్యార్థిని:
చీర గురించి టెన్షన్ వద్దక్కా. ఇక్కడి బామ్మలు మడతకుర్చీ తెచ్చుకుని, మోకాలి లోతు నీళ్లలో వేసుకుని, మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకుంటారు. పక్కన ఐస్‌బాక్సులో ఓవెన్‌లో కాల్చిన పాస్తా, వంకాయ పర్మిజానా, పుచ్చకాయ. ఎవరినీ ఎవరూ పట్టించుకోరు.

బీచ్‌లు రెండు రకాలు. లిదో అంటే గొడుగు, పడక కుర్చీలు అద్దెకిచ్చేది. నీళ్ల పక్క వరుసైతే ధర ఎక్కువ, వెనక వరుసకి తక్కువ, ఆగస్టులో ఇంకా ఎక్కువ. నాన్నగారికి నీడ, టాయిలెట్, ఎక్కి దిగడానికి చెక్కబాట ఉంటాయి కాబట్టి డబ్బు పెట్టడం దండగేం కాదు. "స్పియాజ్జా లీబెరా" అని బోర్డు ఉంటే అది ఉచితం, గొడుగు మీరే తెచ్చుకోవాలి. లిదో ఉన్న చోట కూడా నీటి అంచు వెంబడి నడిచి వెళ్లే హక్కు అందరికీ ఉంది, ఎవరైనా ఆపితే ఊరుకోకండి.

విశాఖ_అల:
ఆ లిదోల లైసెన్సుల మీద ఏదో గొడవ నడుస్తోందట కదా?

బారీ_బాబాయ్:
ఏళ్ల తరబడి. తీరం ప్రభుత్వానిది, లిదోలు తరతరాలుగా అవే కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. వేలం వేయాలని యూరోపియన్ యూనియన్ పట్టు. ప్రభుత్వాలు వాయిదా మీద వాయిదా వేసి, 2024లో మళ్లీ 2027 సెప్టెంబర్ దాకా పొడిగించాయి. ఆ ఏడాది ఆగస్టులో లిదోలవాళ్లు ఒక పూట గొడుగులు రెండు గంటలు ఆలస్యంగా తెరిచి సమ్మె చేశారు. గొడుగుల సమ్మె అని పత్రికలు నవ్వుకున్నాయి. మా వీధిలో మాత్రం ఎవరూ నవ్వలేదు, సగం ఇళ్లలో పిల్లలకి వేసవి పని అక్కడే.

పాతరాయి:
బ్రిండిసిని అందరూ రైలు కిటికీలోంచి చూసి వదిలేస్తున్నారు. మనవాళ్లు దిగాల్సిన ఊరది. 1870 నుంచి 1914 దాకా లండన్ నుంచి ఇండియాకి వెళ్లే టపా రైల్లో యూరప్ దాటి బ్రిండిసిలో ఓడెక్కేది. సూయజ్ మీదుగా బొంబాయి. 1931 డిసెంబర్ 14న, రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ గాంధీజీ ఓడెక్కింది కూడా ఇక్కడే, ఓడ పేరు పిల్స్నా. రోమ్ నుంచి వచ్చే పాత రోమన్ల అప్పియా రోడ్డు ఆగేదీ ఈ రేవు దగ్గరే. గుర్తుగా రెండు స్తంభాలుండేవి. ఒకటి 1528లో కూలిపోతే దాని ముక్కలు లెచ్చెకి వెళ్లాయి, ఇప్పుడు వాటి మీద అక్కడి సాధువు ఒరొన్జో విగ్రహం ఉంది. బ్రిండిసి వాళ్లకి ఆ విషయం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకా కిందికి వెళ్తే ఒత్రాంతో. ఆ కెథెడ్రల్ నేలంతా 1163 నుంచి 1165 మధ్య పరిచిన మొజాయిక్. పెద్ద చెట్టు, కొమ్మల్లో రాజులు, జంతువులు, నెలలవారీ పొలం పనులు. ఆ చెట్టుని మోస్తున్నవి రెండు ఏనుగులు! పక్క గదిలో అద్దాల వెనక పుర్రెలు, ఎముకలు. 1480లో ఒట్టొమన్ సైన్యం ఊరిని పట్టుకున్నప్పుడు చనిపోయినవాళ్లవి. 2013లో వాళ్లని సెయింట్లుగా ప్రకటించారు. అమ్మగారికి చూపించేముందు ఒక మాట చెప్పండి.

లెచ్చె దారిలో కిటికీలోంచి బూడిదరంగు ఆలివ్ మోళ్లు కనిపిస్తాయి. కార్చిచ్చు కాదది. 2013లో గల్లిపొలి దగ్గర జైలెల్లా అనే బ్యాక్టీరియాని కనిపెట్టారు. చిన్న నురుగు పురుగు చెట్టు నుంచి చెట్టుకి మోసుకెళ్తుంది, లోపల నీరు పాకే దారులు మూసుకుపోయి చెట్టు నిలువునా ఎండిపోతుంది. వందల ఏళ్ల చెట్లు పోయాయి. కొత్తగా లెచ్చీనో, ఫవొలోసా రకాలు నాటుతున్నారు, వాటికి కాస్త తట్టుకునే శక్తి ఉంది. ఫొటోల్లో ఈ తోటలు ఎవరూ పెట్టరు.

గుంటూరు_కారం:
అమాల్ఫీ, పూల్యా అని కొట్టుకుంటున్నారు, ఇటలీ బూటు కొసన ఉన్న కలాబ్రియా పేరు ఎత్తేవాళ్లే లేరు! ఇటలీలో కారం అంటే ఏంటో తెలిసినవాళ్లు వాళ్లే. దియమాంతెలో సెప్టెంబర్లో మిరపకాయల పండగ చేస్తారు, ఊరంతా ఎర్ర దండలు. త్రొపెయా ఎర్ర ఉల్లిపాయ పచ్చిగా తినేంత తియ్యగా ఉంటుంది, దాంతో జామ్, ఐస్‌క్రీమ్ కూడా చేస్తారు (ఐస్‌క్రీమ్ జోలికి వెళ్లకండి). షిల్లాలో జాలర్ల ఇళ్ల గోడలకి అలలు తగులుతుంటాయి. అక్కడ కత్తిచేప పట్టే పడవలకి ఆకాశాన్నంటే స్తంభం, దాని పైన నిలబడి ఒకడు చేపని చూస్తాడు, ముందుకి పొడుచుకొచ్చిన పొడవాటి వంతెన మీంచి ఇంకొకడు ఈటె విసురుతాడు.

రెజ్జోలో 1972లో సముద్రంలో దొరికిన రియాచే కంచు విగ్రహాలున్నాయి. వాటి గదిలోకి వెళ్లేముందు గాలి శుభ్రం చేసే గదిలో కాసేపు నిలబెడతారు. రెజ్జోకి కాస్త పైన, విల్లా సాన్ జొవాన్ని దగ్గర రైలునే ముక్కలుగా విడదీసి ఓడలోకి ఎక్కించి మెస్సీనా జలసంధి దాటించి సిసిలీకి చేరుస్తారు. మీ నాన్నగారు రైల్వేలో పనిచేసి ఉంటే మాత్రం ఇది చూపించకుండా ఇండియా పంపొద్దు.

కాకినాడ_కాజా:
అయ్యో, నాన్న రిటైర్ అయింది రైల్వేలోనే! ఇప్పుడు ఈ పోస్టు చూపిస్తే మిగతావన్నీ రద్దు.

మెట్లదారి:
నా 1500 మెట్లు వెనక్కి తీసుకుంటా, అమాల్ఫీని మాత్రం కాదు. మీరంతా రద్దీ రద్దీ అని భయపెడుతున్నారు. పడవలు వెళ్లిపోయాక, రాత్రి తొమ్మిదింటికి అక్కడ ఉండి చూడండి. చౌకులో పిల్లలు బంతాట ఆడుకుంటుంటారు. కొండ మీద నిమ్మతోటలు చెస్ట్‌నట్ కర్రల పందిళ్ల కింద ఉంటాయి, ఇప్పటికీ చాలా చోట్ల కాయల్ని మనుషులో కంచర గాడిదలో మోసుకుని దిగాల్సిందే. అది పగటిపూట పడవలో వచ్చి వెళ్లేవాడికి కనిపించదు.

ఫిషానో_విద్యార్థిని:
ఆ మాట ఒప్పుకుంటా. కానీ అన్నా, ఆ బంతాట ఆడే పిల్లల అమ్మానాన్నలకి ఊళ్లో అద్దెకి ఇల్లు దొరకడం లేదు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయిది అదే తీరం. ఇల్లుగలాయన వేసవికి టూరిస్టులకిస్తానంటే, వీళ్లు కొండ మీది ఊరికి మారిపోయారు. శీతాకాలం వస్తే సగం కిటికీల్లో దీపం ఉండదు.

బారీ_బాబాయ్:
ఇక్కడా అదే. చదువుకున్న కుర్రాళ్లు మిలానో, జర్మనీ అంటూ వెళ్లిపోతారు, ఆగస్టు 15న ఇక్కడ జరిగే ఫెర్రాగోస్తో పండక్కి తిరిగొస్తారు. అందుకే ఆగస్టులో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. మా పక్కింటావిడ కొడుకు మ్యూనిక్‌లోనే ఉన్నాడు కాజా గారూ, మీకు తెలిసినా తెలియొచ్చు!

మోడరేటర్:
అద్దెల చర్చ కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ ప్రయాణం వరకే.

కాకినాడ_కాజా:
అందరికీ థాంక్స్. ఇంట్లో ఓటింగ్ అయింది. మొనోపొలిలో కింది అంతస్తు ఇల్లు చూశాం. పేస్తుమ్, అమాల్ఫీ వదులుకోవడం బాధగానే ఉంది గానీ ఒక్క వారంలో రెండు తీరాలూ వద్దని మా ఆయన గట్టిగా చెప్పారు. రైలు ఓడ ఎక్కడం అక్టోబర్లో నాన్న వీసా ఇంకా ఉంటే చూస్తాం. ఆదివారం ఒత్రాంతో వెళ్లి రావచ్చా? సమ్మెల భయం కూడా ఉంది.

బారీ_బాబాయ్:
ఆదివారం వద్దు. లెచ్చె దాకా పెద్ద రైలు ఉంటుంది, అక్కణ్నుంచి మాల్యె మీదుగా ఒత్రాంతో వెళ్లే చిన్న లైన్‌లో ఆదివారాలు బళ్లు మహా తక్కువ. మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి. మొనోపొలి నుంచైతే దూరమే, లెచ్చెలో ఒక రాత్రి ఉంటే నాన్నగారికి హాయి. మధ్యాహ్నం అక్కడ ఐస్ మీద కాఫీ పోసి బాదం పాలు కలిపిస్తారు, అది తాగించండి.

సమ్మె అయితే రోజుల ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని లోకల్ రైళ్లు తప్పకుండా నడపాలన్న నియమం ఉంది, ఆ పట్టిక స్టేషన్లో అంటిస్తారు. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారమ్ మీది మెషిన్లో ముద్ర వేయించాకే ఎక్కండి. ఊళ్లో బస్సు టికెట్లు తబాక్కి (సిగరెట్ల) కొట్లో దొరుకుతాయి, వాటిక్కూడా మధ్యాహ్నం నిద్ర ఉంది కాబట్టి పొద్దున్నే నాలుగు కొనిపెట్టుకోండి. బారీలో దిగాక ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, స్గల్యొత్సె ఎక్కడ బావుంటాయో అప్పుడు చెప్తాను. ఆవకాయ సీసా మాత్రం చేతిసంచిలో కాదు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.